కొట్టని రోజు

షేక్‌పేటలో మా గురువుగారి డాబా మీద ఒక రాతి అరుగు, దాని మీద పెసలు నింపిన గోనె సంచి ఉండేవి. ఆయన కుర్రతనంలో సికింద్రాబాదులో ఒక చైనా పళ్ళ డాక్టరు దగ్గర కుంగ్‌ఫూ నేర్చుకున్నాడు. అరచేతిని గట్టిపరిచే సాధన అక్కడిదే. చెయ్యి భుజం దాకా ఎత్తి, బలం పెట్టకుండా, దాని బరువుకే సంచి మీద పడనివ్వాలి. తర్వాత మూలికలు నానబెట్టిన మందు వేడిచేసి మోచేతి దాకా మర్దనా చెయ్యాలి. మర్నాడు సంచి ముట్టుకోకూడదు. గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కూర్చోవాలి, అంతే. కొన్ని వారాలకు పెసల బదులు గులకరాళ్ళు, చివర్లో ఇనుప గుళ్ళు. మొత్తం నూరు రోజులు.

"కొట్టిన నాడు చెయ్యి ఇరుగుతది, కొట్టని నాడు అతుకుతది. కొట్టని నాడే అసలు కసరత్తు రా," అనేవాడు ఆయన.

నేను సినిమాల్లో ఫైటర్ని. అంటే హీరో తంతే అద్దాలు పగలగొట్టుకుని పడేవాణ్ణి. యూసుఫ్‌గూడలో కిరాయి గది నాది. పక్క గదుల్లోకి కంప్యూటర్ కోర్సుల కుర్రాళ్ళు దిగుతున్న రోజులవి. ఆరు నెలల కోర్సు, ఏడో నెలలో ఉద్యోగం. ఊరంతా తొందరే. పదిహేనేళ్ళుగా పడుతూనే ఉన్న నాకు మాత్రం ఒకటే కోరిక, తెర మీద నా పేరు ఫైట్ మాస్టర్ అని పడాలని.

అప్పుడు జూబ్లీ హిల్స్ నుంచి ఒక నిర్మాత కబురు పెట్టాడు. కొడుకును హీరోగా దింపుతున్నాడు. ముహూర్తం నాడు కొబ్బరికాయ ఒక్క దెబ్బకు పగలకపోతే ఆ సినిమా ఆడదని మా సినిమావాళ్ళ నమ్మకం. ఆయన దానికి ఇంకో మెట్టు కట్టాడు.

"ఆ కాయ మావాడు అరచేత్తో పగలగొట్టాలండీ, పత్రికలవాళ్ళ ముందు. మీరు నేర్పండి. సినిమాకి ఫైట్ మాస్టర్ మీరే," అన్నాడు.

ఆ రోజే ఒక పొడుగు నోటుపుస్తకం కొన్నాను. నూరు గీతలు గీశాను. కొట్టే రోజు ఎర్ర సిరా, కొట్టని రోజు పచ్చ సిరా. ఏ రోజు ఎంతసేపు, మందు ఎప్పుడు రాయాలి, గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్ళు వంచి ఎంతసేపు నిలబడాలి, అన్నీ రాశాను. నా జీవితంలో అంత శ్రద్ధగా చేసిన పని మరొకటి లేదు.

కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. పుస్తకం తిరగేసి, "సగం సెలవులేనా! ఈ చదువు నాకు నచ్చిందండీ," అని నవ్వాడు. డబ్బున్న ఇంటి బిడ్డలా ఉండేవాడు కాదు. మందు రాయబోతే "నేను రాసుకుంటాలెండి మాస్టారూ" అని గిన్నె లాక్కునేవాడు. నాకు పిల్లల్లేరు. ఉంటే ఇలాంటివాడు ఉండాలనిపించేది.

నెల తిరిగేసరికి ముహూర్తం పెట్టే సిద్ధాంతిగారు మాట మార్చాడు. ఆషాఢం వస్తోంది, ఆ వెనకే మూఢం, ఇప్పుడు తప్పితే దీపావళి దాటాలి. ముప్పై అయిదు రోజుల్లో ముహూర్తం. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడిపే ఆ ఇంటి అల్లుడుగారు నా పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ గ్రీన్ లైన్లు ఏంటండీ?"

"విశ్రాంతండీ."

"మా దగ్గర దీన్ని బెంచ్ అంటారు, పని లేకుండా కూర్చోబెట్టడం. ఇంకా కొట్టాల్సినవి ముప్పై అయిదు రోజులు, ఉన్నవి ముప్పై అయిదు. గ్రీన్ తీసేస్తే సరిపోయింది కదా?"

లెక్కలో తప్పు లేదు. నిర్మాతగారు నావైపు తిరిగాడు. "ఏమంటారు మాస్టారూ? కుదరదంటే చెప్పండి, ఇంకొకర్ని చూసుకుంటాం."

కుదరదు అనాలి. అలాగేనండీ అన్నాను. స్కేలు తెప్పించుకుని, పచ్చ గీతలన్నీ నా చేత్తోనే కొట్టేశాను.

మూడో వారానికి కుర్రాడి కుడి చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు పొద్దున్నే ముడుచుకోవడం మానేశాయి. చెయ్యి పక్కన పూరీలా పొంగింది. ఒకరోజు దాన్ని నా ముందు పెట్టి, "మాస్టారూ, ఇది మామూలేనా?" అని అడిగాడు.

"మామూలే బాబూ," అన్నాను.

ముహూర్తం నాడు కాయ ఒక్క దెబ్బకే పగిలింది. ఫిల్మ్ నగర్ అంతా ఈలలు. కాయతో పాటు ఇంకోటి విరిగిన చప్పుడు పక్కనే ఉన్న నాకు వినిపించింది. అతను నవ్వుతూ అందరికీ దండం పెట్టాడు, రెండు వేళ్ళు మాత్రం ఆ దండంలో కలవలేదు. డాక్టరు ఆరు వారాలు కట్టు ఉంచాలన్నాడు. వారానికే షూటింగ్ మొదలైంది, కట్టు విప్పించారు. ఎముక వంకరగా అతికింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు పుస్తకం పట్టుకుని షేక్‌పేట వెళ్ళాను. గురువుగారు పేజీలు తిప్పాడు.

"ఏంది రా గిది? పచ్చయి ఎవడు కొట్టేసిండు?"

"నేనే సార్."

"జర ఆగు బిడ్డా అని ఒక్క మాట జెప్పకపోతివా ఆ పోరనికి?"

పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. "ఇగ రాకు," అని ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన చనిపోయాడని కూడా నాకు ఎవరో చెబితే తెలిసింది.

సినిమా ఆడింది. నా పేరు పడింది. అరచేత్తో కాయ పగలగొట్టిన హీరోగా అతనికి పేరొచ్చింది కాబట్టి ఆ చెయ్యి పనికిరాదని చెప్పుకునే వీలు అతనికి లేకుండా పోయింది.

చాలా ఏళ్ళకు ఒక సినిమా వేడుకలో ఎదురుపడ్డాడు. అలవాటుగా చెయ్యి చాపాను. అతను ఎడమ చెయ్యి ఇచ్చాడు. నా పక్కనున్నాయన ఊరుకోలేదు. "చూశారా పొగరు! నేర్పిన మాస్టారికి ఎడమ చెయ్యిస్తాడా?" అని అందరికీ వినపడేలా అన్నాడు.

అతనూ విన్నాడు. నేను నోరు విప్పుతానేమోనని కాసేపు చూశాడు. నేను విప్పలేదు.

"మామూలే కదా మాస్టారూ," అని నా చెయ్యి వదిలేసి వెళ్ళిపోయాడు.