తొమ్మిది అద్దాల గోడ, మా అప్పలరాజు

నిన్న మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే ఫోన్ వచ్చింది. అప్పలరాజు లేడట. హార్ట్ ఎటాక్.

"ఏ అప్పలరాజు?" అని అడిగాను. తెలిసే అడిగాను.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఆటోనగర్‌లో మా అల్యూమినియం షెడ్డులో డిజైన్ సెక్షన్ అంటే మేమిద్దరమే. వాడిది ఎలమంచిలి, నాది ఉక్కునగరం. బిల్డింగుల ముందు నిలువెత్తు అద్దాల గోడలు ఉంటాయి కదా, కర్టెన్ వాల్ అంటారు. వాటిని కంప్యూటర్‌లో మోడల్ చేసి, ఏ అద్దం ఎంత వెడల్పో, ఫ్రేమ్ ఎక్కడ పడాలో తేల్చడం మా పని.

నాకది ఉద్యోగం. వాడికి అదో సరదా.

అద్దానికీ అద్దానికీ ఇంత దూరం అని ఇస్తే, సాఫ్ట్‌వేర్ ఒక కొస నుంచి కొలుచుకుంటూ పోయి చివర్లో సన్నటి ముక్క మిగిల్చేది. నేను తిట్టుకునేవాణ్ణి. వాడు మానిటర్‌కి ముక్కు ఆనించి, "ఏటి బావా ఇది, ఇటే ఎందుకు మిగుల్తంది?" అనేవాడు.

లంచ్ కూడా మానేసి కెలికేవాడు. సెట్టింగ్ మధ్యకి మారిస్తే ఆ ముక్క రెండు వైపులా సమానంగా పడుతుందనీ, దూరం బదులు అద్దాల సంఖ్య ఇస్తే అసలు ముక్కే మిగలదనీ అలాగే కనిపెట్టాడు.

మా ఓనరుకి కంప్యూటర్ మీద పెద్ద నమ్మకం లేదు. గాజువాకలో బట్టల షాపు పని వచ్చినప్పుడు ముందే చెప్పేశారు.

"ఇది తేడా వచ్చిందా, సెక్షన్ మూసేత్తాను. మళ్లీ చేతి డ్రాయింగులే."

అంటే మా ఇద్దరి ఉద్యోగాలూ దాని మీదే.

తేడా రానే వచ్చింది. షాపువాళ్లకి వాస్తు పట్టింపు ఎక్కువ. తలుపులు, కిటికీలు సరి సంఖ్యలో ఉండాలి కాబట్టి అద్దాలు ఎనిమిదే అన్నారు. ఎనిమిది ఇస్తే ఫ్రేమ్ కడ్డీ సరిగ్గా గుమ్మం నడిమధ్యలో పడింది. తొమ్మిది ఇస్తే గుమ్మానికి అడ్డం లేదు, కానీ బేసి సంఖ్య.

ఓనరు ముఖం మాడిపోయింది. నేను గుట్టుగా బయోడేటా టైప్ చేసుకోవడం మొదలుపెట్టాను.

అప్పలరాజు ఏం చేశాడో తెలుసా? షాపువాళ్ల సిద్ధాంతిగారిని స్కూటర్ ఎక్కించుకుని షెడ్డుకి తీసుకొచ్చాడు. వాదించడానికి కాదు. నిజంగానే వాడికి తెలుసుకోవాలనుంది!

ఆయన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి అడిగాడు. "పంతులుగారూ, తెరుసుకోని అద్దం కిటికీ కింద లెక్కా, గోడ కింద లెక్కా?"

పెద్దాయన తెర మీది అద్దాలకేసి వంగి చూశారు. ఆ మాట ఇదివరకెవరూ అడగలేదట.

"గాలి రాదు కదా నాయనా. గోడే."

"అయితే తెరుసుకునేవి నాలుగు పెడతాను. మొత్తం అద్దాలు తొమ్మిదుండొచ్చా మరి?"

"నిక్షేపంగా."

పని అయిపోయిందిగా, ఆయన వెళ్లరే! "ఏడు కొట్టు, పదకొండు కొట్టు" అంటూ గోడ మారడం చూస్తూ కూర్చున్నారు. వీడు అంతకంటే హుషారుగా కొడుతున్నాడు. మేం టీలు తెప్పిస్తూనే ఉన్నాం.

తొమ్మిది అద్దాలతో షాపు లేచింది. సెక్షన్ నిలబడింది. ఈరోజు నేను తింటున్న అన్నం వాడి ఆ ఒక్క ప్రశ్న పుణ్యమే.

మొన్న శనివారం కొత్త పని వచ్చింది. బీచ్ రోడ్డులో వంపు తిరిగిన గోడ. అద్దాల మధ్య దూరాన్ని సాఫ్ట్‌వేర్ ఆ వంపు వెంబడి కొలుస్తుందా, తిన్నగా కొలుస్తుందా? ఇద్దరికీ తెలీదు. నేను మౌస్ పట్టుకోబోతే నా చెయ్యి తోసేశాడు.

"నువ్వు ముట్టుకోకు బావా. సోమవారం పొద్దున్నే నాను సూత్తాను."

ఇవాళ సోమవారం.

నేను ముట్టుకోలేదు.

వెళ్లిరా బావా. నువ్వెక్కడున్నా నీ ప్రాణం హాయిగా ఉండాలి.