భీమేశ్వరరావుగారి పేరు మీద కసరత్తు

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో పుణ్యవతికి పేరు తెచ్చిపెట్టింది ఆవిడ వంట కాదు, కుట్టుమిషను. తణుకు నుంచి కాపురానికి వస్తూ తెచ్చుకున్న ఆ మిషను మీద కూతుళ్ల గౌన్ల దగ్గర్నుంచి పక్కింటివాళ్ల ఫ్రిజ్జు ముసుగు దాకా అన్నీ కుట్టింది. మనసులో బెంగ పుడితే చాలు, ఆవిడ కాలు దానంతటదే పెడల్ మీదకి వెళ్లిపోయేది. అలాంటి మనిషి తొంభైతొమ్మిదో సంవత్సరం వేసవంతా మొగుడికి ప్యాంట్లు కుట్టింది. ఆ ప్యాంట్లతో మొగుడు తప్ప కాలనీ అంతా బాగుపడింది. నవ్వకుండా వినండి. నవ్వినా ఫర్వాలేదు లెండి, మొదట్లో అందరం నవ్వినవాళ్లమే.

ఆ మొగుడు భీమేశ్వరరావు ఓ సర్కారు ఆఫీసులో ఆడిట్ గుమాస్తా. ఎవరో పెట్టిన ఖర్చులో తప్పు వెతికి అభ్యంతరం చెప్పడం ఆయన ఉద్యోగం. ఉద్యోగం శ్రద్ధగానే చేసేవాడు, ఇంటికొచ్చాక కూడా మానేవాడు కాదు. మార్చిలో ఓ సాయంత్రం మూసాపేటలో బస్సు దిగి, గుండె పట్టేసి, కొబ్బరిబోండాల బండి పట్టుకుని నిలబడిపోయాడు. డాక్టరు చూసి, ఈసారికి గండం గడిచిందనీ, రోజూ పొద్దున్నే ఇంట్లో కాస్త ఒళ్లు వంచకపోతే ఇంకోసారి తన దాకా రావడం కూడా కుదరదనీ మొహం మీదే చెప్పాడు. ఒళ్లు వంచడమంటే పెద్దదేమీ కాదు, చేతులు ఎత్తడం, నడుం వంచడం, కూర్చుని లేవడం. ఆయన అవన్నీ తలూపుతూ విన్నాడు. పుణ్యవతికి మాత్రం ఆ రోజునుంచీ కంటిమీద కునుకు లేదు. ఆయన గురక ఆగితే భయం, మొదలైతే ప్రాణం లేచొచ్చేది.

"లుంగీతో నడుం ఎలా వంచనే? ఆఫీసు ప్యాంటైతే పొట్ట దగ్గర పట్టేస్తుంది. కాటన్ గుడ్డతో వదులుగా ఒకటి కుట్టిపెట్టు, రేపట్నుంచే మొదలెడతాను" అన్నాడు భీమేశ్వరరావు.

అంతకంటే శుభవార్త ఏముంటుంది? పుణ్యవతి మెత్తటి తెల్ల గుడ్డ తెచ్చింది. ఒకసారి తడిపి ఆరేసింది, కత్తిరించింది, సాయంత్రానికల్లా కుట్టేసింది. కాకపోతే జీవితమంతా ఎదిగే పిల్లలకి కుట్టిన చెయ్యి కదా, అలవాటు చొప్పున నడుం దగ్గరా అంచు దగ్గరా గుడ్డ ఎక్కువ మడిచిపెట్టింది.

ఆయన ప్యాంటు తిరగేసి, ఆ మడత పట్టేశాడు. "నన్ను తగ్గమన్నాడా డాక్టరు, పెరగమన్నాడా? నేను తగ్గుతానని నీకే నమ్మకం లేనప్పుడు నేనెందుకు చెయ్యాలి?"

పాపం, పుణ్యవతికి నిజంగానే తప్పు చేసినట్టనిపించింది. మడత లేకుండా ఇంకోటి కుట్టింది. అది తెలుపు, ఆస్పత్రిలో పేషెంటులా ఉన్నానన్నాడు. నీలం కుడితే తన ఆఫీసు అటెండరులా ఉందన్నాడు. చారల గుడ్డ తెస్తే జైలుకి పంపిద్దామనుకుంటున్నావా అన్నాడు. బొందు పొట్టమీద ఒరుసుకుంటోందంటే ఎలాస్టిక్ వేసింది, ఎలాస్టిక్ వేస్తే ఊపిరాడదన్నాడు. జేబు లేకపోతే కళ్లజోడు ఎక్కడ పెట్టుకోవాలన్నాడు. జేబు పెడితే ఒకపక్క బరువెక్కి తూలుతున్నానన్నాడు. రెండుపక్కలా జేబులు పెట్టాక, ఇంత వదులుగా ఉంటే గాలి దూరి జలుబు చేస్తుందన్నాడు. ఇవన్నీ కుర్చీలో కూర్చుని, కాఫీ తాగుతూనే చెప్పేవాడు. మనిషికి గుండె బలహీనపడిందేమో గానీ నోటికేమీ కాలేదు.

వద్దన్న ప్యాంట్లు కుర్చీల మీద, మంచం కింద, చివరికి బియ్యం డబ్బా మీద కూడా పేరుకుపోయాయి. అప్పుడే కింది వాటాలో ఉండే పార్వతమ్మ పుణ్యవతి చెవిన ఓ మాట వేసింది. పార్వతమ్మ సామాన్యురాలు కాదు, తన కడుపునొప్పి తగ్గడానికి అల్లుడి చేత గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టించిన ఘనురాలు.

"మనిషి రాలేకపోతే పేరూ గోత్రం చెప్పి అర్చన చేయించమూ? ఫలం ఆ మనిషికే చేరుతుందా లేదా? ఇదీ అంతే వదినా. ఆ ప్యాంట్లు నలుగురికీ వాయనంగా ఇవ్వండి. పుచ్చుకున్నవాళ్లు అన్నయ్యగారి పేరు మీద కసరత్తు చేస్తారు" అంది.

ఇంకో సమయంలో అయితే పుణ్యవతి నవ్వేసేది. భయపడ్డ మనిషికి ఏ దారైనా దారే. తాంబూలం, అరటిపండు, మీద ప్యాంటు పెట్టి, మొదటి వాయనం వాచ్‌మన్ చంద్రయ్యకి ఇచ్చింది.

"గోత్రం గిట్ల నాకు నోరు తిరుగదమ్మా. సారు పేరైతే చెప్త. ఫికర్ చెయ్యకు, పొద్దుగాల లేవంగనే సారు కోసమే వంగుత" అన్నాడు చంద్రయ్య, ప్యాంటు కళ్లకద్దుకుని.

మాట తప్పలేదు మహానుభావుడు. తెల్లారేసరికి గేటు దగ్గర నిలబడి, "భీమేశ్వరరావు సారు" అంటూ వంగేవాడు, "భీమేశ్వరరావు సారు" అంటూ లేచేవాడు. పై వాటాలో అద్దెకుండే ఉదయ్ భాస్కర్ మాదాపూర్‌లో కొత్తగా కట్టిన ఆ అద్దాల మేడలో కంప్యూటర్ ముందు కూర్చుని నడుం పోగొట్టుకున్నాడు. వాడూ ఒక ప్యాంటు పట్టుకెళ్లి డాబా మీద మొదలెట్టాడు. పార్వతమ్మ చీర మీదే ప్యాంటు తొడుక్కుని మొదలెట్టింది. మే నెలకల్లా కాలనీలో పొద్దున్నే పాలవాడి కేక కంటే ముందు భీమేశ్వరరావు పేరే వినిపించేది. ఎవడో కొత్తగా ఇల్లు మారి వచ్చినవాడు, ఈ భీమేశ్వరరావు ఏ ఊరి దేవుడండీ అని అడిగాడట కూడా.

ఆయనకి మాత్రం పండగే పండగ. బాల్కనీలో కుర్చీ వేసుకుని, కాఫీ గ్లాసుతో అందరి కసరత్తూ తనిఖీ చేసేవాడు. "చంద్రయ్యా, మోకాలు వంగుతోంది. అలా చేస్తే నా ఖాతాలో పడదు" అని పైనుంచి హెచ్చరించేవాడు.

చంద్రయ్యకి మోకాళ్ల నొప్పి పోయింది. ఉదయ్ భాస్కర్ మెట్లు రెండేసి ఎక్కుతున్నాడు. పార్వతమ్మ మొహంలో కళ వచ్చింది. జులైలో ఓ ఆదివారం భీమేశ్వరరావు కూరగాయల సంచీతో మెట్లెక్కుతూ సగంలో కూలబడిపోయాడు. చంద్రయ్య పరుగెత్తుకొచ్చి, ఆయన్ని చిన్నపిల్లాడిలా ఎత్తి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. అంత బలం ఎక్కడిదయ్యా అని ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు.

పుణ్యవతి ఆయనకి మంచినీళ్లిచ్చి, బెంగకొద్దీ మళ్లీ మిషను ముందు కూర్చుని సగంలో ఉన్న ప్యాంటు కుట్టసాగింది. మంచినీళ్లు తాగి, ఊపిరి కాస్త కుదుటపడ్డాక భీమేశ్వరరావు ఆలోచనగా అన్నాడు. "ఇంతమంది చేస్తున్నా నాకు గుణం కనపడదేమే? వీళ్లు గోత్రం సరిగ్గా చెప్పడం లేదనుకుంటా."

మిషను ఆగిపోయింది. చంద్రయ్య మెల్లగా గుమ్మం దాటి వెళ్లిపోయాడు.

"ఇంకో గుడ్డ ఉందండి మీకు" అంది పుణ్యవతి, తలెత్తకుండా. "తెల్లది. దానికి కొలతలక్కర్లేదు. కాలికో గొట్టం అక్కర్లేదు, జేబులక్కర్లేదు. ఒక్క కుట్టు కూడా ఉండదు దాంట్లో. అది కప్పినప్పుడు మీరు బిగుతనరు, వదులనరు, ఏ అభ్యంతరమూ చెప్పరు. అప్పుడు నేనేం చెయ్యను? ఈ మిషను ముందు కూర్చుని ఎవరికి కుట్టను? నాకు భయంగా ఉందండి. మార్చి నుంచీ భయంతో చచ్చిపోతున్నాను."

భీమేశ్వరరావు ఆవిడ వంక చూశాడు. ఇన్నేళ్ల సర్వీసులో మొదటిసారి ఆయనకి అభ్యంతరమేదీ దొరకలేదు. లేచొచ్చి, సూది కింద ఉన్న ప్యాంటు లాగి, దారం పళ్లతో తెంపి, లుంగీ విప్పి అది తొడుక్కున్నాడు. అప్పటికింకా అంచులు మడవలేదు, నడుముకి బొందు లేదు. జారిపోకుండా ఒక పిడికిట్లో బిగించి పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తాడు.

"ఉండండి, బొందు ఎక్కిస్తాను" అంది పుణ్యవతి కళ్లు తుడుచుకుంటూ.

"వద్దే. నువ్వు బొందు ఎక్కించేలోగా నాకింకో వంక దొరికిపోతుంది" అన్నాడు.

పుణ్యవతి లేచి ఆయన వెనక్కి వెళ్లి, ఆ ప్యాంటు నడుం రెండు చేతులా పట్టుకుంది. భీమేశ్వరరావు రెండు చేతులూ పైకెత్తాడు.