ఒకే ఎత్తు స్టూళ్లు వేయించిన బాబాయ్

భుయ్యాడీహ్‌లో ఉండే బాబాయ్ పోయారని పదిహేను రోజుల క్రితం పాలు కాస్తుండగా ఫోన్ వచ్చింది. నిద్రలోనే పోయారట. ఆ రోజంతా కబురు చెప్పినవాళ్లూ, నేను చెబితే విన్నవాళ్లూ ఒకటే మాట: "పాపం, మంచాయన." సాయంత్రానికి ఆ మాట వింటే నాకు ఒళ్లు మండడం మొదలైంది. మంచాయన అనేస్తే ఆయన ఏం చేశారో ఇక చెప్పక్కర్లేదు. ఆయన్ని మనం ఏం చేశామో అసలే చెప్పక్కర్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. నచ్చనివాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు.

బాబాయ్ అంటే రక్తసంబంధం కాదు. మా నాన్నతో కలిసి ఇక్కడి ఉక్కు ప్లాంటులో, ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఆ తర్వాత ఈ హిందీవాళ్ల ఊళ్లో మన తెలుగువాళ్లు కుటుంబంతో నడుపుకునే షెడ్లూ, మిల్లులూ, దుకాణాల చుట్టూ స్కూటరు మీద తిరిగేవారు. పర్సుడీహ్‌లో అన్నదమ్ముల పిండిమిల్లు, గోల్‌మురిలో మా డబ్బాల షెడ్డు, ఇంకా చాలా. ఈ పనికి ఇప్పుడైతే సూటు వేసుకొచ్చి తెర మీద బొమ్మలు చూపించేవాళ్లున్నారు, వాళ్లకి శాలువాలు కప్పుతున్నాం. బాబాయ్ దగ్గర తెర లేదు. సోమవారం పొద్దున్న మెషీన్లు ఆడించకముందు, పనులు చూసేవాళ్లందరినీ ఓ అరగంట ఒకచోట కూర్చోబెట్టేవారు. ఈ వారం ఎవరి పని ఏమిటి, ఎక్కడ అడ్డం పడుతోంది, దాన్ని ఎవరు చూస్తారు. అంతే. వినడానికి ఎంత తేలిగ్గా ఉంది! మీ ఇంట్లో చేసి చూడండి.

మా షెడ్లో రేకు కోసి, ప్రెస్సు మీద కొట్టి రంగు డబ్బాలూ, నెయ్యి డబ్బాలూ, వాటి మూతలూ తయారుచేస్తాం. రేకు తేవడం, కోయించడం మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు. మెషీన్లు మా ఆయన. ఆర్డర్ల ఫోన్లూ, లోడు పంపడమూ నేను. మా ఇళ్లల్లో తమ్ముడి భార్య బావగారి ఎదురుగా కూర్చోదు, మొహం చూసి మాట్లాడదు. పదహారేళ్లు ఒకే రేకుల కప్పు కింద పనిచేసి కూడా ఆయనతో నేను సూటిగా ఒక్క మాట ఆడలేదు. "బావగారికి చెప్పండి" అని మా ఆయనతో అనేదాన్ని. ఆయన అటునుంచి "మీ ఆవిడకి సెప్పు" అనేవారు. నేను మూడడుగుల దూరంలోనే ఉండేదాన్ని. నవ్వొస్తోందా? మాకూ వచ్చేది, చాటుగా.

ఒకసారి రంగుల కంపెనీవాళ్లు మూత కొలత మారిందని నాకు ఫోన్ చేశారు. నేను మా ఆయనకి చెప్పాను. అన్నగారు ఎవరిమీదో చిరాకుగా ఉన్నారని, భోజనాలయ్యాక చెబుదామని ఈయన ఆగారు. ఆగి, మర్చిపోయి, ఏదో పని మీద బయటికి వెళ్లిపోయారు. ఈలోగా బావగారు పాత కొలతకే రేకు కోయించడం మొదలుపెట్టారు. నేను గుమ్మం దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. "బావగారూ, ఆగండి" అంటే సరిపోయేది. ఆ రెండు మాటలు నా నోటికి రాలేదు. లారీ నిండా మూతలు వెళ్లాయి, లారీ నిండా తిరిగొచ్చాయి. ఒక్కటీ డబ్బాకి పట్టలేదు. ఇంకోసారి ఇలా అయితే మీకో దండం అన్నారు వాళ్లు. మా పనివాళ్లలో సగంమందికి కూడు పెట్టేది ఆ ఒక్క ఆర్డరే.

మా నాన్న చెబితే బాబాయ్ వచ్చారు. ఎవరినీ కేకలెయ్యలేదు. తిరిగొచ్చిన మూత ఒకటి చేతిలోకి తీసుకుని, "కొలత మారిందని ముందు ఎవలకి తెలిసింది?" అన్నారు.

నేను మా ఆయన వైపు చూశాను.

"ఆడి వేపు కాదమ్మా, నా వేపు సూసి సెప్పు."

"నాకే, బాబాయ్."

"మరి కోయించినోడికి ఎందుకు సెప్పనేదు?"

 మా ప్రెస్సు మేస్త్రీ బిహారీ మనిషి, ఆయనే ఉండబట్టలేక అన్నాడు: "బాబూజీ, యహాఁ ఏక్ బాత్ చార్ ముఁహ్ ఘూమ్‌కే ఆతీ హై." ఇక్కడ ఒక్క మాట నాలుగు నోళ్లు తిరిగి వస్తుందని.

రెండు రోజుల్లో బాబాయ్ నాలుగు స్టూళ్లు చేయించుకొచ్చారు, నాలుగూ ఒకే ఎత్తు. బావగారి చేతుల కుర్చీని పక్కకి జరిపించారు. రెండు స్టూళ్లు అన్నదమ్ములకి, ఒకటి మేస్త్రీకి, ఒకటి నాకు. బావగారి మొహం కందగడ్డ అయింది.

"ఇంట్లో నీ మరియాద నీకుంటాది బాబూ, దాన్ని నానేటీ ముట్టుకోను. ఇక్కడ నువ్వు రేకు. ఆడు ప్రెస్సు. ఈ అమ్మ లోడు. రేకుతోటి లోడు మాటాడితే తప్పేటి?"

మొదటి సోమవారం నేను స్టూలు అంచు మీద కూర్చుని, నేల చూస్తూ, రేకు గురువారానికి అందకపోతే లోడు వెళ్లదని చెప్పాను. బావగారు గోడ వైపు చూస్తూ, "ఎంత కావాలో సెప్పమను" అన్నారు.

"సెప్పమను కాదు. సెప్పు," అన్నారు బాబాయ్.

బావగారు తువ్వాలుతో మెడ తుడుచుకున్నారు. చివరికి, "సెప్పమ్మా," అన్నారు. పెళ్లయ్యాక ఆ మనిషి నాతో ఆడిన మొదటి మాట అది. ఇంటికెళ్లి ఏడ్చాను, ఎందుకో మా ఆయనకి అర్థం కాలేదు.

ఆ కూర్చోవడాలు ఏడాదిన్నర సాగాయి. బాబాయ్‌కి టీ ఇస్తే కప్పు మీద సాసరు బోర్లించి పక్కన పెట్టేవారు. అందరూ మాట్లాడడం పూర్తయితేగాని తాగేవారు కాదు, చల్లారిపోయిన టీయే ఆయనకి రాసిపెట్టి ఉంది. అన్నదమ్ములు అరుచుకుంటే నేను భయపడేదాన్ని. "అరుసుకోనీ అమ్మా. అరుపుకి మెషీను ఆగదు, మూతి ముడుపుకే ఆగుతాది" అనేవారు. ఆ ఏడాదిన్నరలో ఒక్క లోడు తిరిగి రాలేదు. రంగులవాళ్లు ఆర్డరు పెంచారు.

తర్వాత మా చుట్టాల పెళ్లిలో, భోజనాల దగ్గర, ఒక పెద్దమనిషి అందరూ వినేలా బావగారిని అడిగాడు: "ఏటి బావా, నీ మరదలు నీ ఎదురుగా స్టూలెక్కి కూకుంటాదట! ఇంట్లో మొగోళ్లు ఉన్నారా నేదా?" పంక్తి అంతా నవ్వింది. ఆ నవ్విన వాళ్లలో ముగ్గురి దుకాణాలకి బాబాయే దారి చూపించారు. ఒక్కడైనా ఆపాడా? విస్తట్లో గారెలు ముఖ్యం కదా.

ఆ తర్వాతి సోమవారం బావగారు గేటు దగ్గరే నిలబడ్డారు. "ఇంక మేం సూసుకుంటాం లెండి. ఈ వయసులో మీకెందుకు శ్రమ" అన్నారు, మహా మర్యాదగా. బాబాయ్ నా వైపు చూశారు. నేను మా ఆయన వెనక ఉన్నాను. మళ్లీ రెండు మాటలు కావలసి వచ్చాయి, మళ్లీ రాలేదు. "అలాగే బాబూ" అని ఆయన వెనక్కి తిరిగారు. స్కూటరు స్టార్ట్ కాలేదు. ఆ ముసలి మనిషి ఎండలో కిక్కు కొడుతూనే ఉన్నారు, మేం ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. మేస్త్రీ వెళ్లి తోశాడు.

అక్కణ్ణించి ఒక్కొక్కరే ఆయన్ని మాన్పించారు. పైగా "కాపురాలు విడగొట్టే పెద్దమనిషి" అని పేరొకటి పెట్టారు. పిండిమిల్లు అన్నదమ్ములు విడిపోయింది ఆయన్ని రావద్దన్న తర్వాత. ఆ సంగతి ఎవరూ చెప్పరు. మా షెడ్లో మాట మళ్లీ నాలుగు నోళ్లు తిరగసాగింది. నిరుడు వానాకాలం రంగులవాళ్లు వేరేచోటికి పోయారు. రెండు ప్రెస్సుల మీద ఇప్పుడు టార్పాలిన్ కప్పి ఉంది, ఐదుగురికి పని పోయింది. ఆ ఐదుగురి పనీ నా మౌనానికే పోయిందని నేను అంటాను. ఎవరైనా కాదంటే వాదించడానికి సిద్ధం.

మొన్న బాబాయ్‌కి పెట్టిన సంతాప సభలో వేదిక మీద తొమ్మిది కుర్చీలు, తొమ్మిదిమందీ మగవాళ్లు. మృదుస్వభావి అన్నారు, అందరికీ తలలో నాలుక అన్నారు. గారెల పంక్తిలో నవ్వినాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. ఇక నా వల్ల కాలేదు. లేచి నిలబడి, "ఆయన్ని గేటు దగ్గర్నుంచే పంపేసింది మేము. అందులో నేనూ ఉన్నాను. మీలో ఎంతమంది పంపేశారో చెప్పండి" అన్నాను.

"కూకోమ్మా, ఇది అలాటివి మాటాడే టైము కాదు," అన్నారు వేదిక మీంచి.

"ఆయన బతికున్నప్పుడూ కాదు, పోయాకా కాదు. మరెప్పుడండీ?"

రెండో వరసలో బావగారు తల దించుకుని కూర్చున్నారు. ఆయన ఎదురుగానే నిలబడి, ఆయన మొహం చూస్తూనే, మూతల సంగతి మొదలు గేటు సంగతి దాకా చెప్పాను. సభ అయ్యాక ఎవరూ నా పక్కకి రాలేదు. రాకపోతే పోయారు.

నేరుగా బాబాయ్ ఇంటికి, పిన్ని దగ్గరికి వెళ్లాను. క్షమాపణ అడుగుదామని నోరు తెరిచేలోపు ఆమే అంది:

"మిమ్మల్నేటీ అననేదమ్మా ఆయన. ఆదోరం రేత్రే ఇస్త్రీ సొక్కా కుర్సీకి తగిలించీసి, సోమారం సోమారం అది తొడుక్కుని అరుగు మీద కూకునీవోరు. ఎవలైనా పిలుత్తారేమో, పిలిత్తే టైముకి అందుకోవాల గదా అనీవోరు. తొమ్మిదయితే లోపలికొచ్చి ఇప్పి, మడతెట్టీసీవోరు."

"ఎన్నాళ్లు పిన్నీ?"

ఆమె గది వైపు చూసింది. అక్కడ కుర్చీ వీపుకి తెల్ల చొక్కా ఒకటి తగిలించి ఉంది, ఇస్త్రీ మడత నలగకుండా, జేబులో పెన్ను పెట్టి.