గట్టి ఉక్కుకు పథ్యం

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లలో, నగరంలో ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు పునాదులు తవ్వుతున్న రోజుల్లో, మా కన్సల్టెన్సీ నన్ను ఫిల్మ్ నగర్‌లో ఒక భవనానికి ప్రధాన స్ట్రక్చరల్ ఇంజనీరుగా నియమించింది. నిర్మాత సూర్యనారాయణ గారు జీవితమంతా పరాయి స్టూడియోల్లో సినిమాలు తీసినవారు. సొంత షూటింగ్ ఫ్లోరు ఆయన చిరకాల కోరిక. కింద స్తంభమన్నదే లేని ఫ్లోరు, పైన అద్దెకు సాఫ్ట్‌వేర్ ఆఫీసు. ఇదీ ఆయన ఆలోచన.

సెట్లకు కింద ఎత్తు కావాలి. భవనం ఎత్తుకు పైన నిబంధనల హద్దు. మధ్యలో నలిగిపోయేది గర్డర్, అంటే పై అంతస్తును మోసే పెద్ద ఇనుప దూలం. అందుకే అధిక బల ఉక్కు ఎంచుకున్నాను. మామూలు ఉక్కు మోసే బరువునే అది తక్కువ లోతులో మోస్తుంది. అయితే బలం పెరిగిందని వంగడం తగ్గదు, ఆ గుణం రెండింటికీ ఒకటే. కాబట్టి గర్డర్లను ముందే కాస్త పైకి వంపుతో తయారు చేయించాం. మొదటిదాన్ని క్రేన్ లేపినప్పుడు, ఇంత సన్నని నడుముతో అంత దూరం దాటేస్తుందా అని లెక్కలు కట్టిన నేనే నోరెళ్లబెట్టాను. ఉక్కంటే నాకు మోజు, దాచడం దేనికి!

మొదటి సినిమా ముహూర్తానికి నన్నూ పిలిచారు. పట్టుచీర కట్టుకుని వెళ్లాను. అందరూ దేవుడి పటాల వైపు చూస్తుంటే నా చూపు పైకి పోయింది. గర్డర్ అడుగున వరసగా కొక్కేలు వెల్డ్ చేసి ఉన్నాయి. రాజమహల్ సెట్ తాలూకు పెద్ద షాండ్లియర్ వాటిలో ఒకదానికి వేలాడుతోంది. ఇవి వెల్డ్ చేసిందెవరని అడిగాను.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఆచారం అది. నెత్తిన ఇనుము కనిపిస్తే చాలు, కొక్కెం అతికించి ఏదో ఒకటి తగిలిస్తారు. గర్డర్‌కు వెల్డింగ్ చేయరాదని డ్రాయింగ్‌లో ఉంది. బదులుగా బిగించుకునే క్లాంపులు స్టోరులో ఉన్నాయి. కానీ సెట్లు వేసేవాళ్లలో స్ట్రక్చరల్ డ్రాయింగ్ చదివేదెవరు?

సెట్ మేస్త్రీ యాదగిరిది బోరబండ. "ఫికర్ చెయ్యకుండ్రి మేడమ్, ఏనుగు ఊగినా నా వెల్డింగ్ ఊడదు" అన్నాడు.

"నీ వెల్డింగ్ ఊడదయ్యా, గర్డరే పగులుతుందేమోనని నా భయం. ఈ ఉక్కుకు పథ్యం ఉంది" అన్నాను.

ఈ రకం దళసరి పలకను ముందుగా వేడి చేయకుండా చిన్న వెల్డ్ వేస్తే, ఆ చోటు గబుక్కున చల్లారి పెళుసెక్కుతుంది. పగులు వెంటనే కాకుండా మర్నాడో ఆ మర్నాడో పుట్టవచ్చు. గర్డర్ అడుగు భాగం ఎప్పుడూ లాగుడులో ఉంటుంది కనుక అది పెరగనూవచ్చు. కింద యూనిట్ మొత్తం నిలబడి ఉంది.

పరీక్ష అయ్యేదాకా ఈ గర్డర్ కింద ఒక్కరూ నిలబడకూడదని సూర్యనారాయణ గారికి చెప్పాను. పగులు ఉందని చెప్పలేను, లేదనీ చెప్పలేను అన్నాను. ప్రొడక్షన్ మేనేజర్ ఇంతెత్తున లేచాడు. "హీరో గారు దారిలో ఉన్నారండీ! తొలి ముహూర్తం తప్పితే ఇంకేమైనా ఉందా?" సొంత ఫ్లోరులో మొదటి క్లాప్ కోసం ఆ పెద్దాయన ఎంతగా ఎదురుచూశారో నాకు తెలుసు. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

ఆయన గర్డర్‌ను చూశారు, తర్వాత నన్ను చూశారు. మేనేజర్ వైపు తిరిగి, "ముహూర్తం టైముకి పెట్టారు గానీ చోటుకి కాదు కదయ్యా. పటాలు గేటు దగ్గరకి తీసుకెళ్లండి. హీరో కారు దిగి దణ్ణం పెట్టుకోవడమే ఫస్ట్ షాట్" అన్నారు. రుజువేదని అడగలేదు. ఎంత గుండె కావాలి ఆ మాట అనడానికి! రోడ్డు మీద ఆగిపోయిన కార్లు హారన్లు కొడుతుండగా, సమయానికే క్లాప్ పడింది.

మధ్యాహ్నం షాండ్లియర్ దింపించి, కొక్కేలు తీయించాం. మా టెక్నీషియన్ ఆ చోట్ల ఎర్ర ద్రవం పూసి, తుడిచి, పైన తెల్లపూత చల్లాడు. పగులుంటే లోపల దాగిన ఎరుపు పైకి వస్తుంది. మిగతా చోట్లన్నీ తెల్లగానే ఉన్నాయి. షాండ్లియర్ వేలాడిన చోట మాత్రం వెంట్రుకంత ఎర్రగీత తేలింది.

"అమ్మో, గిది నేను జేసిందా?" అన్నాడు యాదగిరి.

పగులు లోతు తక్కువే. అతనే గ్రైండర్ పట్టి, నేను చెప్పినట్టల్లా పగులు పోయేదాకా అరగదీసి నునుపు చేశాడు. కొన్నాళ్లు ఆగి మళ్లీ పరీక్షించాకే ఫ్లోరు తెరిచాం.

తర్వాతొకసారి వెళ్తే, ఇంకో యూనిట్ వెల్డర్ నిచ్చెన ఎక్కుతున్నాడు. యాదగిరి కింద నుంచి కేకేస్తున్నాడు. "దిగు బే! గది మామూలు ఇనుము గాదు. గట్టిగనే ఉంటది గానీ పథ్యం జాస్తి. క్లాంపు పెట్టు!"

డ్రాయింగ్‌లో నేను రాసిన హెచ్చరిక చేయలేని పని ఆ కేక చేసింది. ఆ తర్వాత అధిక బల ఉక్కు వాడిన ప్రతిచోటా, గర్డర్ పైకి ఎక్కకముందే దాని కింద పనిచేయబోయే మేస్త్రీని పిలిపించి నోటితో చెప్పేదాన్ని.