మల్లమ్మకు సిట్, సెట్ నేర్పిన సంగతి

పంతొమ్మిది వందల నలభై నాలుగులో నేను సిద్దిపేట మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు టీచర్‌ని. అప్పట్లో లెక్కలు, చరిత్ర అన్నీ ఉర్దూలోనే చెప్పేవాళ్లు. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ, వాటి మీద ఇంగ్లీషు మూడో బరువు. అందులోనూ కొన్ని జంట క్రియలు మా అందరి ప్రాణం తీసేవి. సిట్, సెట్. లై, లే. రైజ్, రేజ్. చెవికి ఒక్కలాగే ఉంటాయి, అర్థం కూడా పక్కపక్కనే తిరుగుతుంది, కానీ ఒకదాని చోట ఇంకొకటి వాడితే వాక్యమే తప్పు. ఉద్యోగం చేసినన్నాళ్లూ వాటిని ఎందరికో బట్టీ పట్టించాను. పరీక్ష కోసం కాక, నిజంగా అవసరం పడి వాటిని నేర్చుకున్న మనిషి మాత్రం నాకు ఒక్కరే తగిలారు. ఆమె మల్లమ్మ, మిషన్ వాళ్ల దవాఖానలో ఆయా.

ఒక సాయంత్రం బడి వదిలాక తలుపులు వేయిస్తుంటే వచ్చి గడప అవతల నిలబడింది. ముప్పై ఏళ్లలోపు మనిషి.

"పంతులూ, ఇంగ్లీషు మీరే చెప్తరంట గద?"

"చెప్త. ఎవరికమ్మా?"

"నాకే," అంది. అని, నేను నవ్వుతానేమోనని నా మొహం చూసింది.

నేను నవ్వలేదు. కూర్చోమని, సంగతి అడిగాను. వాళ్లది చిన్నకోడూరు. భర్త నర్సయ్య తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. ఒకరోజు మోకు జారింది. మోకు అంటే చెట్టుకూ నడుముకూ కలిపి కట్టుకునే తాడు. పై నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది కానీ నడుము కింద చచ్చుబడింది. లేవాలన్నా కూర్చోవాలన్నా ఇంకొకరి చెయ్యి ఉండాల్సిందే. బండిలో వేసుకుని సిద్దిపేట తీసుకొచ్చారు. దవాఖానలో మల్లమ్మ అతన్ని చూసుకునే తీరు గమనించి, అక్కడి పెద్ద సిస్టర్ ఆమెను ఆయాగా పెట్టుకుంది. సిస్టర్ ఇంగ్లండు ఆవిడ. తెలుగు రెండు ముక్కలు వచ్చు, అంతే. వార్డు వెనక ఉన్న చిన్న గదిలో నర్సయ్యను ఉంచుకోవచ్చని చెప్పింది. మల్లమ్మ కొలువు ఉన్నంతకాలమే ఆ గది.

ఆ కొలువుకే ఇప్పుడు ముప్పు వచ్చింది. ఆపరేషన్ అయి పడుకున్న ఒకావిడను చూపించి సిస్టర్, "రేజ్ హర్ ఎ లిటిల్," అని చెప్పి పక్క వార్డుకు వెళ్లింది. ఆమెను కొంచెం పైకి లేపి పట్టుకో అని దాని అర్థం. మల్లమ్మకు అది రైజ్‌లా వినిపించింది. రైజ్ అంటే లేవడమని ఆమెకు తెలుసు.

"లే అవ్వా, దొరసాని లెవ్వమంటుంది అన్న. గామె పాపం తనంత తానే లెవ్వబోయింది. కుట్లు గుంజినయి. కెవ్వుమని ఒర్లింది," అంది మల్లమ్మ. "కుట్లు తెగలే పంతులూ, దేవుని దయ. ఇంకొకపారి గిట్లయితే వార్డుల ఉంచనన్నది సిస్టర్. నన్ను తీసేస్తే మా ఆయినె జాగ పోతది."

మర్నాటి నుంచి ఆమె డ్యూటీ దిగాక బడి అరుగు మీద పాఠం మొదలైంది. మామూలుగా పిల్లలకు చెప్పే సూత్రమే ముందు చెప్పాను. సకర్మకం, అకర్మకం, కర్మ ఉన్నది, లేనిది. ఆమె శ్రద్ధగా వినేది, నేను అడగ్గానే తప్పు చెప్పేది. దానికి తోడు లై అనే మాటకు భూతకాలం కూడా లే అనే ఉంటుంది. అక్కడికి వచ్చేసరికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"రెండూ ఒక్కటే మాటైతే నాకెట్ల తెలుస్తది పంతులూ, ఏది ఏదో?"

హైదరాబాదులో నేను చదువుకునేటప్పుడు మా మాస్టారు ఒకాయన ఈ మాటల పుట్టుక గురించి చెప్పేవారు. అదే ఆమెకు చెప్పి చూద్దామనిపించింది. ఇవి వేరు వేరు మాటలు కావు, ఒకే మాటకు పుట్టినవి అన్నాను. చాలా వెనకటి కాలంలో ఆ భాషకు ఒక పద్ధతి ఉండేది. క్రియ మధ్యలో అచ్చు కొంచెం మారి, చివర ఒక తోక చేరితే, చేయడం కాస్తా చేయించడం అయ్యేది. రానురాను తోక రాలిపోయింది, మారిన అచ్చు మిగిలింది. సిట్ అంటే కూర్చోవడం, సెట్ అంటే కూర్చోబెట్టడం. లై పడుకోవడం, లే పడుకోబెట్టడం. ఫాల్ పడటం, ఫెల్ పడగొట్టడం. రేజ్ మాత్రం ఉత్తరం నుంచి సముద్రం మీద వచ్చి ఇంగ్లండులో స్థిరపడ్డవాళ్ల భాషది, అయినా దాని వేరు కూడా రైజ్‌దే. డ్రింక్ నుంచి డ్రెంచ్ వచ్చింది. ఇప్పుడు దానికి తడిపి ముద్ద చేయడమని అర్థం, మొదట్లో మాత్రం తాగించడమే.

మల్లమ్మ పెదాలు కదులుతున్నాయి.

"లేసుడు, లేపుడు," అంది మెల్లగా. "కూసునుడు, కూసోవెట్టుడు. పండుడు, పండవెట్టుడు. తాగుడు, తాపుడు. గిట్లనేనా పంతులూ?"

"గిట్లనే."

"అయితే దొరసాని రేజ్ అంటే చెయ్యి నాది. రైజ్ అంటే గామెది."

ఆ పూట నేను ఏది అడిగినా ఆమె తప్పు చెప్పలేదు.

శుక్రవారం బడికి సెలవు. చేతులతో చేస్తూ చెప్తే నోటికి నిలుస్తుందని, నన్ను దవాఖానకు రమ్మంది. గదిలో నులక మంచం, దాని మీద నర్సయ్య. నడుము కింద సన్నబడిపోయాడు కానీ చేతులు, భుజాలు ఇంకా చెట్లెక్కిన మనిషివే. మల్లమ్మ పని చేస్తూ మాటలు చెప్పసాగింది. తల కింద చెయ్యి పెట్టి ఎత్తింది. "ఐ రేజ్ హిమ్." నీళ్లు తాపింది. వెనక దిండు పెట్టి కూర్చోబెట్టింది. "ఐ సెట్ హిమ్ అప్." తిరిగి పడుకోబెట్టింది. "ఐ లే హిమ్ డౌన్." ఒక్క తప్పు లేదు. నేను శభాష్ అన్నాను.

నర్సయ్య పైకప్పు వైపు చూస్తూ అడిగాడు. "పంతులూ, మాటలు రెండు జాతులని చెప్పిన్రంట గద, తనంత తాను చేసేటియి, ఒకరు చేపిచ్చేటియి. మొదటి జాతిల నాకు ఒక్కటన్న ఉన్నదా?"

దుప్పటి సర్దుతున్న మల్లమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఒకటున్నది," అన్నాడు అతనే. "ఫాల్. పడుడు. గదొక్కటి నేనే చేసిన. లేకుంటే చెట్టే నన్ను పడగొట్టిందంటరా?"

"లేదు నర్సయ్యా. నువ్వే పడ్డవు. చెట్టు ఏం చెయ్యలే."

"గదే నేను కూడ అంట. వీళ్లన్నలు గా చెట్టును కొట్టేస్తమని గొడ్డలి పట్టుకొని పోయిన్రు. వద్దన్న. ఎన్ని ఏండ్లు బువ్వ వెట్టింది గది మాకు!"

మల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లింది.

ఆ తర్వాత ఆమె పాఠానికి రాలేదు. తర్వాతి శుక్రవారం నేనే వెళ్లాను. వరండాలో ఎదురైంది.

"వద్దు పంతులూ. గా మాటలు నేర్చుకున్నకొద్ది, ఆయినె ఏం చెయ్యలేడో నేను లెక్కవెట్టి చెప్పినట్టయితుంది. నా నోటికి అస్తలేవు."

లోపలి నుంచి నర్సయ్య గొంతు వినిపించింది. "ఏమే, పంతులును బయటనే నిలవెట్టినవా? లోపటికి తోల్కరా." మేం లోపలికి వెళ్లాక భార్యను కాదు, నన్ను చూసి అన్నాడు. "నేనేదో తిక్కల ఒక మాటన్న. గది పట్టుకొని ఈమె సదువు బంజేసింది. ఈమె కొలువు పోతే మేం ఎటు పోవాలె? ఇగ నుంచి నేనడుగుత. తప్పు చెప్తే నేను బువ్వ తిన."

నిజంగానే అడిగేవాడు. నేను చెప్పిన మాటలన్నీ విని వినీ అతనికే ముందు వచ్చేశాయి. ఆమె వార్డు నుంచి రాగానే మంచం మీది నుంచే "రేజ్!" అని హుకుం వేసేవాడట. ఆమె చెయ్యి పెట్టగానే "ఇప్పుడు నువ్వేం చేసినవ్, చెప్పు," అనేవాడట. తప్పు చెబితే అలిగి గోడ వైపు తల తిప్పుకునేవాడట. ఈ సంగతులు చెబుతూ మల్లమ్మ నవ్వడం మొదటిసారి చూశాను.

చలికాలంలో నర్సయ్యకు వీపు మీద పుండ్లు పడ్డాయి. కదలకుండా పడుకునే రోగులకు వచ్చే ఈ పుండ్లను దవాఖానలో బెడ్ సోర్స్ అంటారు. అవి మానేదాకా అతన్ని ఎవరూ కూర్చోబెట్టకూడదని సిస్టర్ గట్టిగా చెప్పింది. మల్లమ్మ ఆ మాట తప్పలేదు. గంట గంటకూ వచ్చి పక్కకు తిప్పి, మందు రాసి వెళ్లేది.

ఒక శుక్రవారం ఉదయం నేను ఆ గదికి వెళ్లేసరికి గుమ్మంలో మల్లమ్మ బొమ్మలా నిలబడి ఉంది. ఆమె భుజం మీదుగా చూశాను. నర్సయ్య మంచం మీద కూర్చుని ఉన్నాడు. వెనక దిండు లేదు. రెండు చేతులూ మంచం పట్టెల మీద బిగించి, మెడ నరాలు పొంగి, చెమటలు కారుతున్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

అప్పుడే సిస్టర్ వార్డు చూసుకుంటూ అటు వచ్చింది. అతన్ని చూడగానే ఆమె మొహం ఎర్రబడింది.

"హూ సెట్ హిమ్ అప్?" అంది. ఎవరు కూర్చోబెట్టారు?

మల్లమ్మ ఒక అడుగు ముందుకు వేసింది. ఇన్నాళ్ల పాఠం ఆ క్షణాన ఆమెకు గుర్తొస్తుందో లేదో అనుకున్నాను.

"నోబడీ సెట్ హిమ్, సిస్టర్," అంది. "హీ సాట్."

ఎవరూ కూర్చోబెట్టలేదు. ఆయనే కూర్చున్నాడు.

సిస్టర్ ఆమెను చూసింది, అతన్ని చూసింది. దగ్గరికి వెళ్లి వీపు పరీక్షించింది. పుండ్లు చాలావరకు మానాయి. అతన్ని పడుకోబెట్టించి, ఇంకోసారి చేసి చూపించమంది. నర్సయ్య మోచేతుల మీద లేచాడు. చేతులు గడగడ వణికాయి. ఒకసారి పక్కకు ఒరిగాడు. పట్టుకోబోయిన మల్లమ్మ చేతులు మధ్యలోనే ఆగిపోయాయి. అతను తమాయించుకుని మళ్లీ లేచి కూర్చున్నాడు. మేం అక్కడ లేనప్పుడు రోజూ ఇదే పని మీద ఉన్నాడని తర్వాత తెలిసింది. మొదట్లో దిండంత ఎత్తు కూడా లేవలేకపోయాడట.

"చెట్టెక్కిన చేతులు గద పంతులూ, ఊకె పండవెడితే ఎట్లుంటయి?" అన్నాడు నాతో.

సిస్టర్ కోపం అప్పటికే పోయింది. మల్లమ్మ భుజం తట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఆ ఎండాకాలమే మల్లమ్మను నర్సు ట్రైనింగుకు తీసుకున్నారు.

హైదరాబాదు సంస్థానం ఇండియాలో కలిసిన మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. చెప్పి పోదామని వెళ్తే, తెల్లచీర కట్టుకున్న మల్లమ్మ నర్సయ్యను ఎండపొడకు వరండాలోకి తెస్తోంది. నడుముకు బెల్టు, కాళ్లు వంగకుండా ఇనప పట్టీలు, చంకల కింద కర్రలు, వెనక ఆమె చెయ్యి. నాలుగు అడుగులకు ఒకసారి ఆగుతున్నారు.

"పంతులూ, నడుచుడుకు గసుంటి జంట మాట ఉన్నదా?" అని రొప్పుతూ అడిగాడు నర్సయ్య.

ఆలోచించి చెప్పాను. "లేదు. నడిచినా వాక్ అనే అంటరు, నడిపించినా వాక్ అనే అంటరు. రెండిటికి ఒక్కటే మాట."

అతను గట్టిగా నవ్వాడు. "గిది మంచిగున్నది. ఎవరు నడిచిన్రు, ఎవరు నడిపిచ్చిన్రు, అడిగెటోడే లేడు. ఏమే, పా!"

మాటల పుట్టుక చెప్పడం నాకు వచ్చిన పని. అవి వినేవాళ్ల బతుకులో ఎక్కడ తగులుతాయో ముందుగా నాకు తెలియదని ఆ ఇద్దరి దగ్గర తెలుసుకున్నాను. ఆ తర్వాత ఏ ఊరి బడిలోనైనా ఈ క్రియలు చెప్పాల్సి వస్తే చాక్‌పీసు పక్కన పెట్టి, మీ ఇంట్లో ఎవరు ఎవరిని లేపుతారు, ఎవరు ఎవరికి తాపుతారు అని పిల్లలను అడిగేవాణ్ణి. ఒకరు ముసలి నాయినమ్మ గురించి, ఒకరు చంటి చెల్లెలి గురించి చెప్పేవాళ్లు. అందరూ చెప్పడం అయ్యాకే బోర్డు మీద మొదటి మాట రాసేవాణ్ణి.