ఫ్రేము లోపలి ఉప్పు

మొయినాబాద్‌లో మెకానిక్ దయానందం షెడ్డు కింద, తన కారు అడుగున సుత్తి దెబ్బ పడగానే సత్తయ్య గుండె జారిపోయింది. మంచి ఇనుమైతే ఖంగుమనాలి. ఇది తడిసిన అట్టపెట్టెలాగా మోగింది. రెండో దెబ్బకు తుప్పు పెచ్చులు పెచ్చులుగా రాలి, కింద వెల్లకిలా పడుకొని కొడుతున్న దయానందం మొహం నిండా పడింది.

“సత్తన్నా, ఇది సబ్‌ఫ్రేము. ఇంజనును, ముందటి చక్రాలను పట్టుకొని ఉండేది ఇదే,” అన్నాడు దయానందం బయటికి పాక్కుంటూ వచ్చి. “మొత్తం కిందికి దించాలె. గీకాలె, కుళ్లింది కోయాలె, కొత్త రేకు అతకాలె. నాలుగు దినాలు పడ్తది.”

“నాలుగు దినాలా? సోమారం పొద్దుగాల ఎనిమిది గొట్టంగ బండి కంపెనీ ముంగట ఉండాలె దయానందం! లేకుంటే నా రూటు పాయె.”

అప్పటికి శుక్రవారం మధ్యాహ్నం. రెండువేల ఆరు, వానాకాలం. గచ్చిబౌలిలో అద్దాల మేడలు పోటీలు పడి లేస్తున్న రోజులు. సత్తయ్య మొయినాబాద్ నుంచి నలుగురు ఆడపిల్లలను అలాంటి ఒక మేడలోని సాఫ్టువేర్ కంపెనీకి పొద్దున తీసుకెళ్లి సాయంత్రం తెచ్చి దింపుతాడు. ఎనిమిదేళ్లు దాటిన బండ్లన్నీ సోమవారం తనిఖీకి రావాలని, రాని బండి ఇక రానక్కరలేదని కంపెనీ సూపర్‌వైజరు ఆ పొద్దునే చెప్పాడు. సత్తయ్య బండికి తొమ్మిదేళ్లు.

రూటు పోతే ఏం మిగులుతుందో సత్తయ్యకు బాగా తెలుసు. ఆయనది చేవెళ్ల. క్యారెట్ పండే మూడెకరాలు అమ్మి ఈ కారు కొన్నాడు. ఆయనతో పాటు భూములు అమ్ముకున్నవాళ్లలో సగం మంది అజీజ్‌నగర్ ఫామ్‌హౌస్‌ల గేట్ల దగ్గర కుర్చీలేసుకొని కూర్చున్నారు. నిన్నమొన్నటిదాకా ఎద్దులను అదిలించిన గొంతులతో వచ్చిపోయే కార్లకు నమస్తేలు పెడుతున్నారు. “నేనైతే ఒకని గేటు తియ్య,” అనేవాడు సత్తయ్య. ఈ మాట కల్లు దుకాణంలో అన్నాడు, మంగలి దుకాణంలో అన్నాడు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ అన్నాడు. అంత గట్టిగా అన్న మనిషికి వెనక్కి తిరిగే దారి ఎక్కడుంటుంది?

శనివారం తెల్లవారగానే పని మొదలైంది. షెడ్డు దూలానికి గొలుసు కప్పీ కట్టి, ఇంజనును పైనుంచి వేలాడదీశారు. చక్రాలు ఊడదీశారు. ఫ్రేమును బాడీకి పట్టి ఉంచే పెద్ద బోల్టులు నాలుగు. రెండు ఎలాగో కదిలాయి. మూడోదానికి రాత్రంతా నానబెట్టిన కిరోసిన్ చాలక, గ్యాసు మంట పెట్టి ఎర్రగా కాల్చి తిప్పాల్సి వచ్చింది. నాలుగోదాని మీద పానాకు పైపు తొడిగి ఇద్దరూ వేలాడితే, అది టప్పున మధ్యకు విరిగింది. విరిగిన ముక్కను డ్రిల్లుతో తొలిచి తీసేసరికి పగలు రెండయింది. సత్తయ్య మాటిమాటికీ సూర్యుడి వైపు చూశాడు, ఆయనేదో ఆగుతాడన్నట్టు.

ఫ్రేము చివరికి నేల మీదికి దిగింది. దయానందం తీగబ్రష్షుతో రుద్దుతూ, ఎడమవైపు కొసలో ఉన్న రంధ్రంలోకి కమ్మీ పెట్టి కెలికాడు. లోపల్నుంచి నల్లగుడ్డ మూట ఒకటి ఊడిపడింది. వెనకే ఇంకొకటి. ఇంకొకటి. కొన్ని చివికి పీలికలయ్యాయి, కొన్ని తడితడిగా ఉన్నాయి. ఇరవై దాకా తీసి, దయానందం ఒకటి విప్పి కొద్దిగా నాలుక మీద పెట్టుకొని ఉమ్మేశాడు.

“రాళ్లుప్పు! ఎవలన్నా ఇనుములో ఉప్పు నింపుతరా? ఇంకేముంటది, లోపల్నుంచే తిన్నది.”

సత్తయ్యకు అడగనవసరం లేకపోయింది. ఆ నల్లగుడ్డ తన తల్లి బాలనర్సమ్మ పాత చీర అంచు.

సాయంత్రం బస్సెక్కి చేవెళ్ల పోయాడు. ఇంట్లో కాలు పెట్టడంతోనే, ఉప్పు తిన్న ఫ్రేముతో బండి సోమవారం తనిఖీకి పోదని, రూటు పోతుందని అరిచాడు. డెబ్బై ఏళ్ల బాలనర్సమ్మ బియ్యం ఏరుతున్న చాట పక్కన పెట్టి కొడుకు మొహంలోకి చూసింది.

“నీ మంచికే పెట్టిన కొడకా. అమాసకొకటి. నిమ్మకాయ మిర్పకాయ కడ్తనంటే, బండ్లె సాఫ్టువేర్ పిల్లలు నవ్వుతరు, వద్దంటివి. అందుకే ఎవ్వలికి కనవడకుండ లోపల పెట్టిన. దిష్టి మూట మనం విప్పొద్దు గద, దానంతట అదే రాలాలె.”

నిజమే. మూడేళ్ల కిందట బంపరుకు కట్టిన నిమ్మకాయలను తనే తెంపి మోరీలో పారేశాడు. సత్తయ్యకు ఆ సంగతి గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకే కోపం రెట్టింపయింది. తన తప్పు కూడా ఉందని తెలిసిన మనిషి కోపం కంటే చెడ్డది లేదు.

“నాకు వేరే దిష్టి ఎందుకే అవ్వా? ఇంట్ల నువ్వున్నవు, సాలు!”

బాలనర్సమ్మ చాట మళ్లీ ఒళ్లో పెట్టుకుంది గానీ బియ్యం ఏరలేదు. ఆ మాటను వెనక్కి తీసుకోవాలని సత్తయ్యకు అప్పుడే అనిపించింది. అయినా పెట్టిన అన్నం తినకుండా చివరి బస్సుకు మొయినాబాద్ వచ్చి షెడ్డులోనే పడుకున్నాడు.

ఆదివారం ఫ్రేము కోతకు ఎక్కింది. కుళ్లిన చోటల్లా కోసి, మందపాటి రేకు కొలత ప్రకారం కత్తిరించి వెల్డింగు పెట్టారు. వేడికి వంకర పోయిందేమోనని దయానందం అతుకు అతుక్కీ మూల నుంచి మూలకు దారం పట్టి కొలిచాడు. సాయంత్రానికి మూడు మూలలు గట్టిపడ్డాయి. నాలుగోది, ఉప్పు మూటలున్న ఎడమ కొస, బోల్టు కూర్చునే చోటే లేకుండా తినేసి ఉంది. దానికి పాత ఫ్రేము ముక్క కావాలి. అది పట్నంలో తుక్కు బజారు సోమవారం తెరిస్తే గానీ దొరకదు.

“లప్పం పెట్టి రంగెయ్యి దయానందం,” అన్నాడు సత్తయ్య. “నీ కాల్మొక్త. రేపొక్క పూట గడవనియ్యి. చెకింగైనంక నువ్వు చెప్పినట్టే చేపిస్త.”

“చెకింగోడు రంగు చూస్తడు. తోవల మలుపు రంగు చూడదు.” దయానందం గుంటలు పూడ్చే లప్పం డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాడు. “నేనైతే పెట్ట. నువ్వే పెట్టుకో. బోల్టు బిగించుమంటే బిగిస్త.”

సత్తయ్య బొటనవేలితో లప్పం తీసి తుప్పు గుంటలో పెట్టాడు. నున్నగా చదును చేశాడు. ఎంత అందంగా కుదిరిందంటే, తన కళ్లే తనను నమ్మమన్నాయి. రంగు డబ్బా మూత తియ్యబోతుండగా పూజిత గుర్తొచ్చింది. ముందు సీట్లో కూర్చునే పిల్ల. మొయినాబాద్ దాటగానే, “అన్నా, కంపెనీ వస్తే లేపు,” అని తల అద్దానికి ఆనించి నిద్రపోతుంది. ఏడాది నుంచి రోజూ అంతే. చక్రం ఊడితే ముందు పోయేది ఆ ఎడమవైపే.

సత్తయ్య మూత మళ్లీ నొక్కేశాడు. పెట్టిన లప్పాన్ని అదే వేలి గోరుతో గీకుతూ ఏడ్చాడు. నలభై ఆరేళ్ల మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. దయానందం అటు తిరిగి సామాన్లు సర్దుకున్నాడు.

సోమవారం ఏడింటికి ఫోను చేసి బండి రాదని చెప్పాడు. సూపర్‌వైజరు తిట్టను కూడా లేదు. “ఆ రూటుకు వేరే బండి పెట్టేసినం, ఫికర్ చేయకు,” అని పెట్టేశాడు.

ఇక తొందరేముంది గనక? తుక్కు బజారులో దొరికిన ముక్కను అతికి, లోపలా బయటా ఎర్ర ప్రైమరు పట్టించి, పైన నల్లరంగు వేసి, మంగళవారం మధ్యాహ్నానికి ఫ్రేమును పైకెక్కించారు. నాలుగు బోల్టులూ వాటి చోట్లలో సాఫీగా కూర్చున్నాయి. స్టీరింగు వేలితో తిప్పితే తిరుగుతోంది. కొన్న రోజు కూడా బండి ఇంత బాగా నడవలేదు. పోవడానికి చోటు లేని రోజే ఇంత బాగా నడవాలా అని సత్తయ్యకు దాని మీద కూడా కోపం వచ్చింది.

అవ్వకు ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. చేవెళ్లలో ఇంటికి తాళం ఉంది. పక్కింటి జంగమ్మ తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టింది.

“మీ అవ్వ నిన్న పొద్దుగాలనే పోయింది సత్తయ్యా. అజీజ్‌నగర్ల నీలం గేటు ఫామ్‌హౌస్ లేదా, ఆడ వాచ్‌మన్ వెళ్లిపోయిండట. గేటు కాడికి, చెట్లకు నీళ్లు పోసుడుకు మనిషి కావాలన్నరట. నా కొడుకు గాడ కూసోవద్దని నేనే పోతున్న అన్నది.”

సత్తయ్య కారు తిప్పాడు. వచ్చిన దారినే మళ్లీ మొయినాబాద్ దాటి అజీజ్‌నగర్ చేరేసరికి వాన వెలిసి, వాలుపొద్దు ఎండ కాస్తోంది. నీలం గేటు ముందు ఆపి హారను కొట్టాడు.

లోపల గడియ తీసిన చప్పుడైంది. బాలనర్సమ్మ రెండు చేతులతో గేటు రెక్కను ఈడ్చింది. ఎండ సూటిగా కళ్లలో పడుతుంటే ఆమెకు ఎదుట కారు ఉందని తప్ప, అది ఎవరిదో, లోపల ఎవరున్నారో ఆనలేదు. కొంగు సర్దుకొని, రెండో రెక్క కూడా బార్లా తెరిచి పక్కకు ఒదిగి నిలబడింది.

“నమస్తే సారూ,” అంది, చేతులు జోడించి.