పటానికి దండ

గాజువాకలో సీతాలమ్మ ఇంటి గోడకు, దేవుడి పటాల పక్కనే చేతికందే ఎత్తులో, డెబ్బై ఒకటి పాకిస్తాన్ యుద్ధం నాటి విమానాల ఫొటోలు మూడు ఫ్రేము కట్టి ఉంటాయి. నడిమి ఫొటోలోని విమానంలో వెళ్లిన భర్త తిరిగి రాలేదు, పోయాడన్న కబురూ రాలేదు. రోజూ పొద్దున్నే కొంగుతో ఆ అద్దం తుడిచి, అందులోనే చూసుకుంటూ రూపాయికాసంత బొట్టు పెట్టుకోవడం ఆవిడకు అలవాటు. మొన్న దసరాకి మనవడి పెళ్లాం అలేఖ్య స్కూటీకి పూజ చేసి, మిగిలిన బంతిపూల దండ తెచ్చి ఆ నడిమి విమానం ఫొటోకి వేసింది. సీతాలమ్మ గబగబా పటం దగ్గరికి వచ్చింది.

"ఏటి సేసేవే పిల్లా?"

"ఇదీ బండే కదా మామ్మా, ఆయుధపూజని ఏసేను."

"బండికేస్తే పూజే. గోడమీద పటానికేస్తే మనిషి పోయినట్టు కాదేటి?"

సీతాలమ్మ దండ తీసి తనే వెళ్లి స్కూటీకి వేసి వచ్చింది. అద్దం మీది పూరేకు దులిపి, చెరగని బొట్టునే మళ్లీ దిద్దుకుంది.